ఎవరూ అడగని ఔట్

"అంపైర్లు రాకపోతే మ్యాచ్ ఆగిపోతుందా? నేనే నిలబడతా," అన్నాడు ఎలియాజరు, పెసరట్టు తుంచుతూ.

"మీ మోకాళ్ళు ఒప్పుకోవాలిగా," అంది రూపవతి పొయ్యి దగ్గర్నుంచి.

గొడవ నిన్న సాయంత్రం మొదలైంది. రిచ్‌మండ్ హిల్ ఆదివారం క్రికెట్ లీగ్‌కి ఎలియాజరు సెక్రటరీ. రూపవతి అక్క కొడుకు డేవిడ్‌సన్ ఇండియా నుంచి చదువుకోడానికి వచ్చి, వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉంటూ, ఆ లీగ్‌లోనే అంపైరింగ్ చేస్తున్నాడు. పాత అంపైర్లకిచ్చేదాంట్లో స్టూడెంట్లకి సగమే ఇస్తారు. సమానంగా ఇచ్చేదాకా రామని స్టూడెంట్లంతా మెసేజ్ పెట్టారు.

"మీకు ఎక్స్‌పీరియన్స్ వస్తోంది కదరా!" అన్నాడు ఎలియాజరు, ఎదురుగా కూర్చున్న డేవిడ్‌సన్‌తో.

"తిట్లు మాత్రం ఫుల్ రేటుకే తింటున్నాం, బాబాయ్."

కూతురు ఏనీ పకపక నవ్వింది.

"ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. ఇప్పుడెవరు నేర్పార్రా?"

"ఎదురింటి రబ్బీ. అడక్కపోతే ఎవరూ ఇవ్వరన్నారు."

ఎలియాజరు చట్నీ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. యూదుల మతగురువైన రబ్బీ ఎజ్రా మాటకి ఆ ఇంట్లో ఎదురు లేదు.

ఆయన ఎదురింట్లోకి దిగిన కొత్తలో, ఆయనతో ఉండే గిల్‌ని తమ్ముడనుకుంది రూపవతి. చర్చిలో ఒక అమ్మాయి ఫొటో తీసుకుని సంబంధం మాట్లాడటానికే వెళ్ళింది. రబ్బీ నవ్వలేదు. టీ ఇచ్చి, గిల్ తన భర్త అనీ, అమ్మాయి మాత్రం లక్షణంగా ఉందనీ చెప్పాడు. సిగ్గుతో రూపవతి వారం పాటు కర్టెన్ తీయలేదు. ఎలియాజరుకి మోకాలి ఆపరేషన్ అయిన చలికాలం, వీళ్ళ వాకిట్లో మంచు ఎత్తిపోసింది ఆ ఇద్దరే. యూదుల సమాజమందిరానికి ఎజ్రాని పెద్ద రబ్బీని చేయొచ్చా అని గుసగుసలు పుడితే, అందరి ముందూ నిలబడి, "నా గురించి నన్నే అడగండి," అన్నాడట. అడిగారు. చెప్పాడు. ఆయన్నే ఎన్నుకున్నారు.

"ఆ గుండె మన పాస్టర్లకీ ఉండాలి," అని రూపవతి చర్చిలోనే అనేసింది.

ఆ గుండె తనకే లేదని డేవిడ్‌సన్ బాధ.

పోయిన వేసవిలో ఒక మ్యాచ్. వంశీధర్ అనే కుర్రాడి బ్యాట్ అంచుకి తాకిన బంతి కీపర్ చేతుల్లో పడింది. చప్పుడు డేవిడ్‌సన్‌కి వినిపించింది. కానీ ఫీల్డర్లెవరూ ఔటని అడగలేదు. అడక్కుండా అంపైర్ వేలెత్తకూడదు. మ్యాచ్ అయ్యాక వానలో, బస్‌స్టాప్ దగ్గరికి గొడుగుతో వచ్చాడు వంశీ.

"నిజం చెప్పండి సర్. నేను ఔటే కదా?"

"ఎవరూ అడగలేదుగా."

"నేను అడుగుతున్నా."

"ఔటే."

"అబ్బ, ఎంత కఠినం! రండి, డ్రాప్ చేస్తా."

ఆ డ్రాప్ ఏడాదిగా సాగుతూనే ఉంది. ఇంట్లో మాత్రం వంశీ 'ఫ్రెండ్'. ఎదురింటివాళ్ళని మెచ్చుకోవడం వేరు, ఇంట్లో పెట్టుకున్న పిల్లాడి సంగతి వేరు. చెబితే పిన్ని మొహం చూడగలడా? ఈ ఇంట్లో చోటుంటుందా?

బెల్ మోగింది. వంశీ, పొద్దుటి వానకి నిలువునా తడిసి, చేతిలో అంపైర్ టోపీతో.

"కార్లో మర్చిపోయావ్. మీకు సమానంగా ఇవ్వకపోతే ఇవాళ మా టీమూ ఆడదు, చెప్పొచ్చా అంకుల్‌కి?"

డేవిడ్‌సన్ టవల్ తెచ్చి, అందరూ చూస్తున్నారన్న ధ్యాస లేకుండా, అతని తల తుడిచాడు. రూపవతి చెయ్యి ఆగిపోయింది. రబ్బీ కోటు మీద మంచు దులిపే గిల్ గుర్తొచ్చాడు ఆమెకి. పెసరట్టు మాడింది.

పొయ్యి ఆపింది.

"డేవిడూ, నిన్నెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. ఈ అబ్బాయి నీకేమవుతాడు?"

వంశీ బట్టల్లోంచి నీళ్ళు చాప మీద పడుతున్నాయి. డేవిడ్‌సన్ టవల్ వంశీ భుజం మీద వేశాడు.

"ఇతన్ని ప్రేమిస్తున్నాను, పిన్నీ."

"ఐ న్యూ ఇట్!" అంది ఏనీ.

ఎలియాజరు ప్లేటు పక్కకి నెట్టాడు. తర్వాత సెక్రటరీ గొంతుతో, "ఈ ఏడాదంతా వీడి మ్యాచ్‌లకి నువ్వే అంపైరింగ్ చేశావా?" అన్నాడు.

"మా పరిచయమయ్యాక ఒక్కదానికీ చేయలేదు, బాబాయ్. నేనే వద్దని మార్పించుకున్నా."

"ఈ నిజాయితీకి సగం రేటా?" అంది రూపవతి.

"సరేలేవే. ఫుల్ రేటే. కమిటీకి నేను చెప్తా," అంటూ కుర్చీ పక్కకి జరిపాడు ఎలియాజరు.

ఖాళీ అయిన చోట ఇంకో ప్లేటు పెట్టింది రూపవతి. ఎవరి వైపూ చూడకుండా, మెల్లగా అంది.

"ఇకనుంచి ఆదివారాలు వంశీ మనింట్లోనే తింటాడు. అక్కకి ఫోన్ నేను చేస్తా."