వాగు దాటే బండి

శనివారం పొద్దున సంపూర్ణ ఉప్మా గిన్నె దించేసరికి, భర్త ఆంథోని వరండాలో బండ్ల షోరూములవి రెండు రంగుల కాగితాలు పరిచి కళ్లజోడు సవరించుకుంటూ మూడోసారి చదువుతున్నాడు. ఒకదాని మీద ఏడుగురు కూర్చునే తెల్ల కారు. రెండోదాని మీద ముందర ఐదుగురు కూర్చుని, వెనక ట్రాలీలో సరుకు వేసుకునే ఫోర్‌వీల్ డ్రైవ్ బండి.

ఆంథోని పాల్వంచ కరెంటు ప్లాంటులో ముప్పై రెండేళ్లు షిఫ్టులు చేసి నిరుడే రిటైరయ్యాడు. ములకలపల్లి అవతల, అడవి అంచున పదెకరాల పామాయిల్ తోట ఉంది. ఇంటికీ తోటకూ మధ్య ఒక వాగు. వ్యవసాయం చూసేది కూతురు ఏంజెల్. ఖమ్మంలో ఎరువుల కంపెనీ ఉద్యోగం వదిలేసి వచ్చి, మూడేళ్లుగా ఆ తోటే లోకంగా బతుకుతోంది.

కొడుకు బెన్నీ హైదరాబాద్ నుంచి తెల్లారుజామునే దిగాడు. పళ్లెం అందుకుంటూనే, "ఇంకా ఆలోచించుడేంది నాన్నా? తెల్ల కారే. నా దోస్తులు శని ఆదివారాలు వస్తమంటుండ్రు. అడవి పక్కన షికారు, పందుల వేటంటే పడి చస్తరు" అన్నాడు.

అప్పుడే ఏంజెల్ మోకాళ్ల దాకా బురదతో గుమ్మంలోకి వచ్చింది.

"షికారా? అన్నా, ఒక్క పందిని కొట్టి చూడు, ఫారెస్టోళ్లు నిన్నూ బండినీ కలిపి తీస్కపోతరు. పందులు రాకుండ నేను కంచె ఏస్తున్న. అది చాలు."

"నువ్వు చెప్పిన బండి ట్రాలీ బండే కదా! అమ్మానాన్నలు చర్చికి దాంట్లనే పోవాల్నా?"

"ముందల నాలుగు డోర్లున్నయ్, ఏసీ ఉంది. వెనక ట్రాలీ ఉంటే అమ్మకు నామోషీ ఏంది? మొన్న కిరాయి ట్రాక్టర్ రాక మూడు రోజులు పామాయిల్ గెలలు ఒడ్డు మీదనే ఎండినయ్. ఎండిన గెలలకు ఫ్యాక్టరీల ధర తగ్గించిండ్రు, నాన్నకు తెల్వదా?"

ఆంథోని తలెత్తలేదు. "తెల్ల కారే తీసుకుందం" అన్నాడు మెల్లగా.

"ఎందుకు నాన్నా?"

"నువ్వు రేపు పెళ్లయి పోయేదానివి. ఆ బండి ఎవరు నడుపుతరు?"

ఏంజెల్ ముఖం ఎర్రబడింది. మూడేళ్ల ఎండ, మూడేళ్ల వాన ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయినట్టు అనిపించింది.

"సరే. పది గంటలకు రెండు షోరూములోళ్లూ బండ్లు తెస్తరు. రోడ్డు మీద కాదు, మన వాగుల నడిపి చూద్దం. దాటిన బండి తీసుకుందం."

వాగు దగ్గరికి అందరూ వెళ్లారు. రెండు రోజుల కింద పడ్డ వానకు నీళ్లు ఇంకా ఎర్రగా పారుతున్నాయి. అవతలి ఒడ్డున కూలీల మేస్త్రి జమ్లి తన మనుషులతో గెలలు కుప్ప పోసి ఎదురుచూస్తోంది. ఏంజెల్ వాగులోకి దిగి కర్రతో లోతు చూసింది. మోకాలు దాటలేదు. అడుగున ఇసుక ఎక్కడ గట్టిగా ఉందో కాలితో తొక్కి గుర్తుపెట్టుకుంది.

తెల్ల కారు తెచ్చిన అబ్బాయి ఒడ్డునే ఆగిపోయాడు. "మేడమ్, నీళ్లల్ల దింపితే నా కొలువు పోతది" అన్నాడు. బెన్నీ నవ్వి, "రేపో మాపో ఇక్కడ బ్రిడ్జి పడ్తది లే" అన్నాడు.

"పడేదాకా గెలలు నువ్వు మోస్తవా?" అని ఏంజెల్ రెండో బండి తెచ్చినతని దగ్గర తాళం తీసుకుని ఎక్కింది.

నాలుగు చక్రాలకూ ఊపు వచ్చేలా మీట తిప్పింది. చిన్న గేరులో, ఎక్కడా ఆపకుండా, తను గుర్తుపెట్టుకున్న దారిలోనే నడిపింది. నీళ్లు రెండు పక్కలా చీలాయి. అవతల ట్రాలీ నిండా గెలలు వేయించి, జమ్లిని పక్కన కూర్చోబెట్టుకుని వెనక్కి వచ్చింది. మిగతా కూలీలు నీళ్లలో నడుస్తూ వెనకే దాటారు. నిటారుగా ఉన్న ఇవతలి గట్టు మీద వెనక చక్రం ఒకసారి జారింది. సంపూర్ణ "యేసయ్యా" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరుక్షణం ముందరి చక్రాలకు పట్టు దొరికింది, బండి గట్టెక్కింది.

"ఏంజెలమ్మా, ఇగ ట్రాక్టరాయన కాళ్లు పట్టుకునే పని లేదు!" అని జమ్లి చప్పట్లు కొట్టింది.

ఏంజెల్ గర్వంగా తండ్రివైపు చూసింది. ఆంథోని ముఖంలో సంతోషం లేదు.

"బాగుంది. అదే కొనుక్కోండ్రి" అని గిరుక్కున తిరిగి నడవసాగాడు.

ఏంజెల్ పరిగెత్తి అడ్డం నిలబడింది. "ఏంది నాన్నా ఇది? నేను గెలిస్తే నీకు గింత బాధా? అన్న అడిగిందే కావాల్నా?"

"వాడు అడిగిండని కాదే!" ఆంథోని గొంతు పెరిగింది. "ఆ తెల్ల బండికి గేర్లు లేవంట. తొక్కితే పోతదంట. అది... అదైతే నాకు కూడా వస్తదనుకున్న."

ఆంథోని ఒడ్డున ఆగి ఉన్న తెల్ల కారు వైపు చూశాడు.

"ముప్పై రెండేళ్లు కంపెనీ బస్సుల కూసున్న. ఎవరో నడిపిండు, నేను కూసున్న. ఇప్పుడు నువ్వు నడుపుతవు, నేను కూసుంట. రేపు నువ్వు పోయినంక, మీ అమ్మకు బాగలేకుంటే నేను ఎవరినని అడగాలె? అరవై ఏళ్లొచ్చినంక డ్రైవింగ్ నేర్పమని కన్నబిడ్డను అడగాల్నంటే సిగ్గయింది."

ఏంజెల్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏ బండి ఎంత మోస్తుందో, ఎంత లోతు దాటుతుందో రోజుల తరబడి లెక్కలు వేసుకుంది. నాన్నకు ఏం కావాలో మాత్రం ఒక్కసారీ అడగలేదు.

"నేను పోను నాన్నా. ఈ తోట వదలమన్నోన్ని నేను చేసుకోను. వచ్చేటోనికి ఆ మాట ముందే చెప్త. ఇక సిగ్గంటవా..." తండ్రి చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి నడిపించింది. "గెలలు దింపనియ్యి. అగో, ఆ మైదానంల నేర్పుత."

ఆ బండి తెచ్చిన షోరూము అతను కంగారుపడ్డాడు. "మేడమ్, సార్‌కు రాదు కదా..."

"రోడ్డు కాదు, మా సొంత చెలక భూమి. హ్యాండ్ బ్రేకు నా చేతిల ఉంటది. ఏమన్నయితే నాదే బాధ్యత."

బెన్నీ ముందుకొచ్చి జమ్లి మనుషులతో కలిసి గెలలు దింపడం మొదలుపెట్టాడు. చొక్కాకు మట్టి అంటినా పట్టించుకోలేదు.

ఆంథోని స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఏంజెల్ పక్క సీట్లో కూర్చుని, ఏ కాలు దేని మీద పెట్టాలో చెప్పింది. క్లచ్ ఒక్కసారిగా వదిలేసరికి బండి ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ అంతే. "నాతోటి కాదు బిడ్డా" అని తలుపు తెరవబోయాడు.

వెనక తలుపు తెరిచి సంపూర్ణ ఎక్కి కూర్చుంది. "నువ్వు నడిపితెనే నేను దిగుత. లేకుంటే ఈడనే కూసుంట" అంది.

మూడోసారి, కాలు మెల్లమెల్లగా ఎత్తాడు. బండి కదిలింది. మనిషి నడకంత వేగంతో, తిన్నగా, పొడి గడ్డి మీద సాగింది. కూలీ ఆడవాళ్లు ఈలలు వేశారు. మైదానం చివర కంచె దగ్గర పడగానే ఆంథోని బ్రేకు తొక్కి, కళ్లజోడు తీసి చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. కాసేపటికి ఏంజెల్‌వైపు తిరిగాడు.

"బిడ్డా, ఇప్పుడు ఎనక్కి ఎట్ల తిప్పాలె?"