పెద్ద బండి వచ్చినంక

సిరిసిల్లలో ఆ వీధికి ఆ రోజు సెలవు. సాంచాలని పిలుచుకునే మరమగ్గాలన్నీ ఆగిపోవడంతో పొద్దున్నే పిట్టల అరుపులు కూడా వినబడుతున్నాయి. అంబదాస్‌కు మాత్రం అవేవీ వినబడవు. ముప్పై నాలుగేళ్లు ఆ మోత మధ్య నిలబడి పనిచేసిన మనిషి. ఎదుటివాళ్లు అరిస్తే తప్ప అతని చెవికి మాట ఎక్కదు. అందుకే ఆ ఇంట్లో ఛాయ్ అడిగినా జగడమాడినట్టే ఉంటుంది.

అతను వాకిట్లో కొత్త బండిని తుడుస్తున్నాడు. కొత్తదంటే షోరూం నుంచి వచ్చింది కాదు. కొడుకు ఓంప్రకాశ్ కరీంనగర్‌లో తెలిసినవాళ్ల దగ్గర చూసి ఇప్పించాడు. మూడు వందల యాభై సీసీది. నల్లగా, బరువుగా, వాకిలి సగం తనదే అన్నట్టు నిలబడి ఉంది. దాని వెనక, గోడ పక్కన, పదిహేడేళ్ల నాటి వంద సీసీ బండి ఉంది. నూలు మూటలూ గుడ్డ తానులూ ఇద్దరు పిల్లలూ దానిమీదే తిరిగారు. ఇప్పుడు దాని మీద తుడిచే గుడ్డలు ఆరేశాడు.

"సక్కూ, తయారైనవా? ఎండ ముదరకముందే వేములవాడ దాటాలె," అని కేకేశాడు.

లోపల సక్కుబాయి నూలు కండెలు చుడుతోంది. ప్రయాణం పెట్టుకున్న రోజు ఆ పనేమిటని అడిగేవాళ్లు లేరు. ఆమె చేతులు ఊరికే ఉండవు. పోగు తెగితే వేళ్లకే తెలుస్తుంది, ముడి వేళ్లే వేస్తాయి. ఆ పనికి కళ్లు అక్కర్లేదు. ఆమె చూపు పోతోందన్న సంగతి ఇంట్లో ఇన్నాళ్లు బయటపడకపోవడానికి అదే కారణం.

సక్కుబాయి పుట్టిల్లు ఆదిలాబాద్ అవతల, బేల పక్కన. పెళ్లయ్యాక ఎన్నిసార్లు పోయినా బస్సులోనే పోయింది. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు ఒళ్లో ఒక పిల్లడు, పక్కన ఒక పిల్ల, ఒకరికి వాంతులు, ఒకరికి ఏడుపు. తల తిప్పి చూసేలోపల లోయ వెనక్కి పోయేది. బస్సు అక్కడ ఆగదు. తల్లీ తండ్రీ పోయారు, అన్నదమ్ములు భీవండికి వలసపోయారు, ఇక బస్సెక్కే పని కూడా లేకుండా పోయింది. ఎనిమిదేళ్ల కింద, కూతురు వనజ పెళ్లి చేసి ఊపిరి పీల్చుకున్నాక, ఆమె మొగుణ్ని ఒకే ఒక్కటి అడిగింది. "బండి మీద పోదామా? ఆ ఘాట్ మీద జరసేపు ఆగి చూడాలని ఉన్నది."

"గీ చిన్న బండి మీద గంత దూరమా? పెద్ద బండి తీస్కున్నంక పోదాం," అన్నాడు అంబదాస్.

అతను తప్పించుకోవడానికి అన్న మాట కాదది. నమ్మి అన్నాడు. సాంచా తేలికగా ఉంటే ఊగుతుంది, ఊగితే పోగులు తెగుతాయి. బరువుగా, నేలకు బిగించినట్టు ఉంటేనే మంచి గుడ్డ దిగుతుంది. అతనికి తెలిసిన యంత్రం అదొక్కటే. బండికీ అదే లెక్క వేసుకున్నాడు. పైగా సక్కుబాయికి నడుం నొప్పి, తేలిక బండి మీద కుదుపులు తట్టుకోలేదని దిగులు. దానికి ఓంప్రకాశ్ తోడయ్యాడు. బండ్లు వేసుకుని ఊళ్లు తిరిగే జట్టు ఒకటుంది వాడికి. చిన్న బండి మీద టూరు పోతే నవ్వుతారని వాడు తేల్చి చెప్పాడు. అలా పెద్ద బండి వచ్చినంక అనే మాట ఆ ఇంట్లో ఎనిమిదేళ్లు తిరిగింది.

బండి మొన్న గురువారం వచ్చింది. నెల ముందు కరీంనగర్‌లో కంటి డాక్టర్ సక్కుబాయికి నరం ఎండిపోయిందని చెప్పాడు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటికి ఖాళీ కండె కన్నంలోంచి చూసినంత మేరే కనబడుతోంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది చుక్కల మందుతో కొన్ని నెలలు నిలిస్తే నిలుస్తుంది అన్నాడు. పక్కన కూర్చుని విన్నది వనజ ఒక్కతే.

సాగనంపడానికి అత్తారింటి నుంచి వచ్చిన వనజ వంటింట్లో రొట్టెలు గుడ్డలో చుడుతూ తల్లి దగ్గరికి జరిగింది.

"అవ్వా, ఇప్పటికన్న బాపుకు చెప్పు."

"ఎట్ల చెప్పాలె బిడ్డా? మూడు దినాల సంది ఆ బండి చుట్టే తిరుగుతుండు. అన్నం గూడ ఆడనే తింటుండు. పోయొచ్చినంక చెప్పుకుందాం."

"నువ్వు ఆ బండి ఎక్కగలుగుతవా?"

సక్కుబాయి తెగిన పోగుకు ముడి వేసింది. ఇదంతా పక్క గదికి వినబడేంత గొంతుతోనే మాట్లాడుకున్నారు. ఆ ఇంట్లో రహస్యం దాచాలంటే అరవకుండా ఉంటే చాలు.

సాగనంపడానికి ఓంప్రకాశ్ కూడా కరీంనగర్ నుంచి వచ్చాడు. తండ్రి చేత హెల్మెట్ పెట్టించి, బండి ఎక్కించి, ఎక్కడ ఎంత వేగం పోవాలో చెప్పాడు. అంబదాస్ పొట్టి మనిషి. సీటు మీద కూర్చుంటే మునివేళ్లే నేలకు ఆనుతున్నాయి. అయినా మొహం వెలిగిపోతోంది.

"ఎక్కు సక్కూ."

ఆమె చేయి చాపి వెనక సీటు తడిమింది. అది ఆమె నడుం కంటే ఎత్తుగా ఉంది. కాలు పెట్టే కడ్డీ ఎక్కడుందో ఆమెకు కనబడలేదు. ఒకసారి కాలు గాలిలో ఆడించింది, రెండోసారి వేడి గొట్టానికి తాకించి వెనక్కి లాక్కుంది.

"ఏమే, కొత్త పెండ్లికూతురి లెక్క చేస్తున్నవ్. ఎనిమిదేండ్ల సంది నా పానం తింటివి. తీరా బండి తెస్తే ఎక్కవా?"

ఆమె పళ్లు బిగించి, అతని భుజం పట్టుకుని, కడ్డీ అనుకున్న చోట కాలు పెట్టి బరువంతా వేసింది. అక్కడ కడ్డీ లేదు. ఆమె అతని మీద పడింది. బండి ఒక పక్కకు ఒరిగింది. మునివేళ్లతో దాని బరువు ఆపడం అతని వల్ల కాలేదు. ముగ్గురూ, అంటే ఇద్దరు మనుషులూ ఒక బండీ, వాకిట్లో కూలిపోయారు. అద్దం పగిలింది. సక్కుబాయి మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారింది.

ఓంప్రకాశ్ బండిని లేపాడు. వనజ తల్లిని లేపింది. అంబదాస్ లేస్తూనే పగిలిన అద్దం చూసి మండిపడ్డాడు.

"కండ్లు కనవడ్తలేవా నీకు?"

"కనవడ్తలేవు," అంది సక్కుబాయి.

మెల్లగా అంది. అతనికి వినబడలేదు. "ఏమన్నది?" అని కూతుర్ని అడిగాడు.

వనజ తల్లి వంక చూసింది. ఆమె తల దించుకుంది. ఇక దాచి లాభం లేదు. వనజ తండ్రి చెవి దగ్గరికి పోయి, గొంతు ఎత్తి చెప్పాల్సి వచ్చింది. "కనవడ్తలేవు అంటున్నది బాపూ. అవ్వకు కండ్లు పోతున్నయి. డాక్టర్ చెప్పిండు. ఇంక కొన్ని నెలలే."

సాంచాలు ఆగిన వీధి అది. ఆ మాట ఎనిమిదిళ్ల అవతలికి వినబడింది. ఎదురింటి కొమురవ్వ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్లు దాచుకున్న సంగతి వీధి పాలైనందుకు సక్కుబాయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అంబదాస్ అరుగు మీద కూర్చుండిపోయాడు. "నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"నువ్వు సంబురంగ ఉంటివి," అని ఆమె గట్టిగా చెప్పింది.

"కారు మాట్లాడుత అవ్వా," అన్నాడు ఓంప్రకాశ్. "రేపే పోదురు."

"కారు అద్దంలకెళ్లి నాకేం కనవడది రా. గాలన్న తాకాలె నాకు. నేను మీ బాపుతోని బండి మీద పోవాల్నని అడిగిన."

"ఐతే ఆ పాత బండి మీదనే పోనీ," అంది వనజ.

"పిచ్చా నీకు?" అన్నాడు ఓంప్రకాశ్. "వంద సీసీ మీద హైవే ఎక్కుతరా? పక్కకెళ్లి లారీ పోతే ఊగుతది. ఘాట్ ఎట్ల ఎక్కుతది? టూరు పోయేటోళ్లు ఎవరన్న గీ డబ్బా మీద పోతరా?"

వనజకు కోపం వచ్చింది. నెల రోజులు లోపల పెట్టుకున్నదంతా తమ్ముడి మీద పడింది. "నువ్వు మీ జట్టుతోని నూరు మీద ఉరుకుతవ్. నీకు పెద్దదే కావాలె. వీళ్లకు నలభై సాలదా? లారీ వస్తే పక్కకు ఆగుతరు. గంటకొకసారి ఛాయ్ తాగుతరు. ఆగుకుంట పోయేటోళ్లకు గంత ఇంజన్ ఎందుకు రా? నీ పెద్ద బండి ఇప్పుడే వాకిట్ల పడ్డది. బాపు కాళ్లకు ఆగిందా? ఎనిమిదేండ్ల సంది ఆ చిన్న బండి గీడనే ఉన్నది. అవ్వ కండ్లు గూడ ఉండె."

చివరి మాట అన్నాక తనే నోరు మూసుకుంది. అది తమ్ముడికి కాక తండ్రికి తగిలిందని ఆమెకు అర్థమైంది. అతను అంతా విన్నాడు, అందరూ అరుస్తూనే ఉన్నారు గనక.

ఆ సాయంత్రం ఓంప్రకాశ్ పాత బండి ముందు కూర్చుని గొలుసు బిగించాడు, బ్రేకులు చూశాడు, వెనక టైరు మార్పించుకొచ్చాడు. సీటు మీద మెత్తటి దిండు కుట్టించి తెచ్చి తల్లి చేతిని దానిమీద పెట్టి, "మంచిగున్నదా అవ్వా?" అని అడిగాడు. "మంచిగున్నది బిడ్డా, ఫికర్ చెయ్యకు," అని ఆమె వాడి తల నిమిరింది.

మర్నాడు తెల్లవారగానే బయల్దేరారు. సక్కుబాయి ఒక చెయ్యి అతని భుజం మీద వేసి, కింద చూడకుండానే కడ్డీ మీద కాలు పెట్టి ఎక్కి కూర్చుంది. పదిహేడేళ్ల అలవాటు. ఆ బండి ఎత్తు ఆమె ఒంటికి తెలుసు.

వేములవాడ, కోరుట్ల, మెట్‌పల్లి దాటారు. ఎండ, దుమ్ము, లారీలు. లారీ వచ్చినప్పుడల్లా అంబదాస్ పక్కకు తప్పుకున్నాడు. బండి కాస్త ఊగింది, అంతే. రెండు చోట్ల ఆగి ఛాయ్ తాగారు, ఒక వేపచెట్టు కింద రొట్టెలు తిన్నారు. ఆమె నడుం నొప్పి అనలేదు. సోన్ దగ్గర గోదావరి బ్రిడ్జి మీద ఆమె, "నీళ్ల వాసన వస్తున్నది," అని అతని వీపు మీద తట్టి మరీ చెప్పింది.

ప్రయాణం అంత బాగా సాగుతున్నకొద్దీ అంబదాస్ మనసు కుంగిపోసాగింది. నిర్మల్ దాటేసరికి అతనికి ఒక పాడు కోరిక పుట్టింది. ఈ బండి ఎక్కడైనా ఆగిపోతే బాగుండు. ఇంజన్ వేడెక్కి పొగ వచ్చినా బాగుండు. అప్పుడు తను ఎనిమిదేళ్లు చెప్పిన మాట నిజమవుతుంది. ఘాట్ మొదలైంది. అతను సెకండ్ గేరు వేశాడు. బండి మూలిగింది, వేగం తగ్గింది, ఎద్దుబండి కంటే కొంచెం నయంగా మలుపు తర్వాత మలుపు ఎక్కుతూ పోయింది. ఎక్కడా ఆగలేదు.

పైన పిట్టగోడ ఉన్న మలుపులో అతనే ఆపాడు. ఆమెను దింపాడు. హెల్మెట్ తీసి, బండి వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత హ్యాండిల్ మీద తల పెట్టి ఏడ్చాడు.

"ఏమైంది? బండికేమన్న అయిందా?" అని ఆమె చేతులతో వెతుక్కుంటూ వచ్చింది.

"ఏం కాలే సక్కూ. గదే నా ఏడుపు. ఒక్కతాన గూడ ఆగలే. ఇది అప్పుడు గూడ ఎక్కుతుండె. నీ కండ్లు మంచిగున్నప్పుడు గూడ ఎక్కుతుండె. నేనే తీస్కరాకపోతి."

అలా కాదులే అని ఆమె అనలేదు. కొంగుతో అతని మొహం తుడిచింది. "ఎక్కుతుండె," అంది చివరికి. "నాకు ఎర్కనే." అతనికి వినబడేంత గట్టిగానే అంది. "ఇగ ఇడిసిపెట్టు. నన్ను గోడ కాడికి తీస్కపో. పొద్దు ఉండంగనే చూడాలె."

అతను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఆమె తల ఇటూ అటూ తిప్పింది. ఒకసారి ఆకాశం ముక్క వచ్చింది, ఒకసారి గోడ రాయి వచ్చింది.

"ఏమున్నయి ఆడ?" అని గట్టిగా అడిగింది.

"అంత అడివే. కింద లోయ."

"నాకు అంత ఒక్కసారి రాదయ్యా. జరంత జరంత వస్తది. ఎటు చూడాల్నో నువ్వే చూపియ్యాలె."

అంబదాస్ ఆమె వెనక నిలబడి, రెండు చేతులతో ఆమె చెంపలు పట్టుకుని, మొహాన్ని లోయ వైపు దించాడు. ఎడమ కొస నుంచి మొదలుపెట్టాడు. "గిది గుట్ట. గీ పక్కకు టేకు చెట్లు. కింద తెల్లగ గీరినట్టు వాగు." ఆమె "ఆపు, గీడ ఆపు," అంది. అతను ఆపాడు. ఆమె ఆ వాగునే చూస్తూ నిలబడింది. అతని చేతులు ఆమె కన్నీళ్లకు తడిశాయి, అయినా కదపలేదు.

"ఇగ జర పక్కకు," అంది ఆమె.

అతను వేలెడు పక్కకు తిప్పాడు. అలా ఆ లోయంతా చూడటానికి వాళ్లకు చాలాసేపు పట్టింది. అంతసేపట్లో అతను ఒక్కసారి కూడా పోదామనలేదు.