కథనంలో లేనిది

దంతవైద్యశాలలో కుర్చీ వెనక్కి వాలకముందే సువర్చల తన ఎడమచేతి కడియాన్ని పక్కనున్న పలకకు తాకించింది. పలకమీద పచ్చదీపం వెలిగింది. డాక్టర్ మృదుల చెవిలో పెట్టుకున్న వినికిడిగుండీని సర్దుకుని అర నిమిషంపాటు తల వంచుకుని విన్నది.

ఆ అర నిమిషంలో కడియం ఏం చెబుతుందో సువర్చలకు కంఠతా వచ్చు. ముఖంమీదికి వంగేముందు చెప్పండి. నేను చెయ్యెత్తితే ఆగిపోండి. తలుపు పూర్తిగా మూయకండి. ఆపైన ఎందుకో ఒక్క వాక్యంలో. అంతా సువర్చల గొంతుతోనే, కాని ఇరవై ఏళ్ల కిందటి గొంతుతో.

డాక్టరు లేచి తలుపు ఓరగా తీసిపెట్టి వచ్చింది. “మీరేం చెప్పక్కర్లేదండి. అంతా అర్థమైంది,” అన్నది మెల్లగా.

సువర్చల నోరు తెరిచింది. ఇరవై ఏళ్లుగా అందరికీ అంతా అర్థమవుతూనే ఉంది.

ఆ కడియంలో ఉన్నదాన్ని సాక్షిణి అంటారు. ఏకకథన చట్టం వచ్చిన ఏడాదే సువర్చలకు ఆ దుర్ఘటన జరిగింది. అంతకుముందు అత్యాచారానికి గురైన ఆడమనిషి స్టేషన్లో ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి, వకీలుకు, జడ్జికి, మళ్లీ అవతలి వకీలుకు, ఇంట్లో ప్రతి బంధువుకూ మొదటినుంచీ చెప్పుకోవలసి వచ్చేది. చట్టం ఆ బాధ తప్పించింది. ఒక్కసారి, ఒక్క గదిలో, మెత్తటి దీపం కింద సాక్షిణికి చెబితే చాలు. ఆ తరువాత ఎవరు ఏమడిగినా సాక్షిణే జవాబిస్తుంది. మనిషిని నేరుగా అడగడం నేరం. కుటుంబమైనా సరే, వినాలనుంటే అనుమతిపత్రం తీసుకుని సాక్షిణిని వినాలి. చట్టం పనిచేసింది కూడా. సువర్చలను పాడుచేసిన తెరచాపల కాంట్రాక్టరుకు పన్నెండేళ్ల శిక్ష పడింది. ఆమె కోర్టు మెట్లు ఎక్కలేదు.

ఇవాళ దంతవైద్యశాలనుంచి ఆమె తిన్నగా, అందరి సాక్షిణులనూ దాచి వినిపించే కాకినాడ కథన భద్రాలయానికి వెళ్లింది. అక్కడ కరుణకుమారి అనే ఉద్యోగిని ఆమె కాగితాలు చూసి, “మౌనముద్రకి వచ్చారాండీ?” అని అడిగింది.

“అవునండి. ఇరవై ఏళ్లు నిండితే మూయించుకోవచ్చన్నారు.”

“ముద్ర పడితే ఇక ఎవరికీ వినపడదు. మీకు కూడా. కారణం రాయాలండి. ఏమని రాయమంటారు?”

సువర్చల కడియాన్ని మణికట్టుమీద తిప్పింది. “అందులో ఉన్న పిల్ల ఇంకా పంతొమ్మిదేళ్ల దగ్గరే ఉండిపోయింది. నాకు ముప్ఫై తొమ్మిదొచ్చాయి. ఎక్కడికెళ్లినా దాన్ని వెంటేసుకుని తిరుగుతున్నాను. నాకంటే ముందు అది మాట్లాడుతుంది. అలసిపోయానండి. అంతే.”

కరుణకుమారి ‘అలసట’ అని రాసుకుంది. తరువాత, మూసేముందు తప్పనిసరిగా చూపించాలంటూ విన్నవారి జాబితా తెర మీదికి తెచ్చింది. పోలీసులు, కోర్టు, వైద్యులు ఒక పక్క. కుటుంబం ఇంకో పక్క. పోయిన అమ్మ, ఒకసారి. భర్త, పెళ్లికి నెలముందు, ఒకసారి. విని వచ్చిన రోజు అతను ఆమెకు కాఫీ కలిపి ఇచ్చాడు గానీ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకూడదు కూడా.

మూడో పేరు అక్క హైమవతిది. రెండువందల పన్నెండుసార్లు. చివరిసారి మొన్న మంగళవారం పొద్దున.

“పొరపాటేమో చూడండి.”

“కాదండి, వేలిముద్ర ఉంది. మొత్తం వినరు ఆవిడ. ఒక్క చోటే వింటారు.” కరుణకుమారి తెరను ఆమెవైపు తిప్పింది. ఆ వాక్యం అక్కడ అక్షరాల్లో ఉంది. ‘తనకి జ్వరంగా ఉందని, గోడౌనులో కొలతల కాగితం ఇచ్చి రమ్మని అక్క నన్ను పంపింది.’

“ప్రశ్నలు కూడా వేశారు. చూసే హక్కు మీకుంది. మీ ఇష్టం.”

సువర్చల చూసింది. మొదటి సంవత్సరాల్లో ఒకటే ప్రశ్న. నేను పంపినందుకు దానికి నామీద కోపమా? కింద సాక్షిణి జవాబు: ఆ విషయం కథనంలో లేదు. అదే ప్రశ్న, అదే జవాబు, పేజీలకు పేజీలు. ఈ మధ్య ప్రశ్న మారింది. నాకు ముందే తెలుసని దానికి ఎప్పుడైనా అనిపించిందా? ఆ విషయం కథనంలో లేదు.

సువర్చల ఆ చివరి ప్రశ్నను రెండుసార్లు చదివింది. “ఇవాళ ముద్ర వద్దండి,” అని లేచింది.

హైమవతి రేవు దగ్గర తెరచాపలు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. చమురుతో నడిచే ఓడలు ఆగిపోయాక సరుకంతా మళ్లీ తెరచాప ఓడలమీదే నడుస్తోంది. మధ్యాహ్నపు భోజనాలకు అందరూ బయటికి పోయారు. హైమవతి ఒక్కతే మంచమంత వెడల్పున్న గుడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. చెల్లెలిని చూసి ఆమె కళ్లద్దాలు పైకి తోసింది.

“ఏంటే బుల్లీ, పనిపూట వచ్చేసావు? పన్ను నొప్పన్నావు, వెళ్లావా?”

“వెళ్లాను. భద్రాలయానికి కూడా వెళ్లాను.” సువర్చల ఆమె ఎదురుగా నేలమీద కూర్చుంది. “జాబితా చూపించారు.”

హైమవతి సూది గుడ్డలోనే ఆగిపోయింది.

“చట్టప్రకారమే విన్నానే. నిన్నేమీ అడగలేదు.”

“అడగలేదు. అదే చూశాను. ఇరవై ఏళ్లు నన్ను అడగకుండా దాన్ని అడిగావు.” సువర్చల గొంతులో కోపంకన్నా నీరసం ఎక్కువగా ఉంది. “నువ్వు పంపావని నాకెప్పుడూ కోపం లేదక్కా. జ్వరం వచ్చిన మనిషివి, ఇంకేం చేస్తావు? ఈ ముక్క నోటితో అడిగితే ఆ రోజే చెప్పేదాన్ని.”

హైమవతి తల అడ్డంగా ఊపింది. “జ్వరం రాలేదు నాకు.”

బయట ఎవరో చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

“అంతకుముందు నెలలో కొలతలు ఇవ్వడానికి నేనే వెళ్లాను, ఆ గోడౌనుకి,” అన్నది హైమవతి. “మళ్లీ వెళ్లలేకపోయాను. కాళ్లు రాలేదు. జ్వరమని దుప్పటి కప్పుకున్నాను. నువ్వు చిన్నపిల్లవి, నీ జోలికి రాడనుకున్నాను. అనుకున్నానో, అనుకోవాలనుకున్నానో... అదీ తెలీదు.”

ఇన్నేళ్లూ తన ఒక్కదాని మీద పడిందనుకున్న నీడలో అక్క తనకంటే ముందునుంచీ కూర్చుని ఉంది. కూర్చుని కూడా చెప్పలేదు.

“ఎవరికీ చెప్పలేదా?”

“ఎవరికి చెప్పను? సాక్షిణి గది గుమ్మందాకా మూడుసార్లు వెళ్లొచ్చాను. ఒక్కసారే చెప్పాలంట కదే. ఒక్కసారిలో అంతా సరిగ్గా చెప్పాలంట. నాకు వరస రాదు. ఒక రోజు ఒకలా గుర్తొస్తుంది, ఇంకో రోజు ఇంకోలా. పైగా అది చెబితే, తెలిసీ నిన్ను పంపానని కూడా చెప్పాలి. అది ఎప్పటికీ అందులో ఉండిపోతుంది.” ఆమె గుడ్డ అంచును వేళ్లతో మడుస్తూ, విప్పుతూ ఉంది. “అందుకని నీది వినేదాన్ని. ఆ గోడౌను మెట్లు, ఆ తలుపు గడియ అన్నీ నువ్వు చెప్పావు. నేను చెప్పినట్టే ఉండేది. ఆ ఒక్క వాక్యం వచ్చేదాకా.”

సువర్చల లేచి గుమ్మందాకా నడిచింది. ఎండ కళ్లకు కొట్టింది. రేవులో ఒక ఓడ తెరచాపలు దించుకుంటోంది. వెళ్లిపోవచ్చు. అక్క ఆపదు. వెళ్లిపోతే రేపటినుంచి మళ్లీ అంతా మామూలే. పండక్కి చీరలు పెట్టుకుంటారు, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటారు.

ఆమె తిరిగి వచ్చి, ఈసారి ఎదురుగా కాకుండా అక్క పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. తెరచాప గుడ్డ కొంత ఆమె మోకాళ్లమీద కూడా పడింది.

“నువ్వు ఆ రోజు కొలతలు తీసుకుని వెళ్లావు. పొద్దున్నా, సాయంత్రమా?”

“అడగకూడదే బుల్లీ.” హైమవతి భయంగా గుమ్మంవైపు చూసింది. “ఎవరైనా వింటే నీమీద కేసు పెడతారు.”

“పెట్టనీ. పొద్దున్నా, సాయంత్రమా?”

“పొద్దున్నే. కాదు, భోజనాలయ్యాక. వాన పడింది. వాన ఆ రోజేనో, తర్వాత రోజో...” హైమవతి ఆగింది. “చూశావా, వరస రావటం లేదు.”

“వరసెవడికి కావాలి?”

హైమవతి మళ్లీ మొదలుపెట్టింది. మధ్యలో చెప్పిందే చెప్పింది, చెప్పినదాన్ని కాదన్నది. ఒకచోట నవ్వింది కూడా, ఎందుకో తనకే తెలియక. భోజనాలకు వెళ్లిన ఆడవాళ్లు ఒక్కొక్కరే తిరిగివచ్చి, అక్కాచెల్లెళ్లను చూసి, షెడ్డు ఆ చివర చప్పుడు చేయకుండా పని అందుకున్నారు. సువర్చల వింటోంది. ఒక్కో మాటకు ఆమె దవడ బిగుసుకుంటోంది.

హైమవతి దాన్ని చూసి ఆగిపోయింది. “నామీద కోపం వస్తోంది కదా?”

“వస్తోంది.”

“వెళ్లిపోతావా?”

సువర్చల మోకాళ్లమీది గుడ్డను దగ్గరికి లాక్కుంది.

“లేదు. తర్వాతేమైంది?”