బంతిగోడ చప్పుడు

ఆ కోటలో ఏదైనా చూడొచ్చు గానీ, పొద్దుగూకాక బంతిగోడ వైపు మాత్రం పోకూడదంటారు.

కోటలో మనుషులున్న రోజుల్లో ఆడుకోవడానికి కట్టిన ఎత్తైన గోడ అది. ఇద్దరు స్నేహితులు రోజూ అక్కడ బంతాడేవారట. ఒకడు రోజూ గెలిచేవాడు. రెండోవాడు రోజూ ఓడేవాడు. ఒక సాయంత్రం బంతి గోడమీద చిక్కుకుంటే, తీయడానికి గెలిచేవాడు నిచ్చెనెక్కాడు... కింద నిచ్చెన పట్టుకున్నది ఓడేవాడు. అంతే!

"అప్పట్నుంచీ చీకటి పడితే టక్... టక్... అని బంతి చప్పుడు," అన్నాడు కోట చూపించే ముసలాయన. "అందరికీ వినపడదు లెండి. పక్కవాణ్ణి చూసి కడుపు మండేవాడికే."

అందరూ నవ్వారు. పెద్దల్లుడు అందరికన్నా గట్టిగా నవ్వాడు.

వాళ్ళు నలుగురు. అక్కాచెల్లెళ్ళిద్దరూ, వాళ్ళ మొగుళ్ళిద్దరూ. ఏటా ఆకులు రాలే రోజుల్లో మూడ్రోజులు సెలవు పెట్టి ఎక్కడికో ఒకచోటికి పోతారు. పొద్దున పాత కట్టడాలు, మధ్యాహ్నం టెన్నిస్. కట్టడాలు ఆడవాళ్ళ సరదా, టెన్నిస్ మగవాళ్ళది. కోట కింద బసకి ఆనుకుని ఆటస్థలం ఉందని ఈసారి ఇక్కడికొచ్చారు.

పెద్దల్లుడిది రాకెట్లకు తీగలు బిగించే దుకాణం. తీగని గోటితో మీటితే చాలు, అది ఎవరి రాకెట్టో కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు. తోడల్లుడి రాకెట్‌కి బిగించేదీ తనే. అదే వచ్చిన చిక్కు. తను బిగించిన తీగలతోనే చిన్నల్లుడు తనని ఏటా చిత్తుగా ఓడిస్తాడు. ఏ చేత్తో కత్తి నూరిచ్చాడో ఆ చేత్తోనే మెడ తడుముకోవాల్సి వస్తోంది పాపం.

ఓడితే ఓడాడు. నిన్నటి ఆటలో చిన్నల్లుడు కొట్టిన ఒక దెబ్బకి పెద్దల్లుడి భార్యే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కట్టుకున్న పెళ్ళాం! ఇన్నేళ్ళ కాపురంలో ఆ చేతులు తనకోసం అలా మోగలేదు. రేపటిది చివరి ఆట. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ చప్పట్లు తనకి పడాలి. వేరే కోరికేమీ లేదతనికి.

"మా బావ చెయ్యి పడితే విరిగిన వస్తువైనా లేచి కూచుంటుంది. మా ఆయన మేకు కొడితే గోడ పడిపోతుంది," అంది మరదలు భోజనాల దగ్గర. అందరూ నవ్వారు. చిన్నల్లుడు నవ్వలేదు. పెద్దల్లుడు అది చూడలేదు. ఏడుపుగొట్టువాడికి ఎదుటివాడి విస్తరే కనపడుతుంది గానీ, ఎదుటివాడి మొహం కనపడదు.

సాయంత్రం మిగతా ముగ్గురూ వసారాలో పేకాటలో ఉండగా, అతను గదిలోకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. మేకుకి వేలాడుతున్న చిన్నల్లుడి రాకెట్ తీశాడు. నడిమి తీగ మీద, చట్రం అంచున, ఎవరికీ కనపడని చోట... బ్లేడుతో సగం దాకా కోశాడు. గట్టి దెబ్బ ఒకటి తగిలితే తెగుతుంది. ఆట మధ్యలో తెగుతుంది. రాకెట్‌ని మళ్ళీ కవర్లో పెట్టి, మేకుకి తగిలించి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చాడు.

"అయ్యో, నా శాలువా!" అంది అతని భార్య. "బంతిగోడ దగ్గర అరుగు మీద మర్చిపోయొచ్చాను."

"నేను తెస్తాలే వదినా," అంటూ చిన్నల్లుడు ముక్కలు కింద పెట్టాడు.

"నువ్వు కూచో. నా పెళ్ళాం శాలువా నేను తెచ్చుకోలేనా?"

అన్నాడే గానీ, కోట మెట్లెక్కేసరికి వెలుగు పోయింది. ఎండుటాకులు కాళ్ళ కింద చిటపటమంటున్నాయి. అరుగు మీద శాలువా తెల్లగా కనిపించింది. చెయ్యి చాపాడు.

టక్...

ఆగాడు. గాలేమో.

టక్... టక్...

గోడకి బంతి కొడుతున్న చప్పుడు. మనిషి లేడు. బంతీ లేదు. చప్పుడు మాత్రం ఉంది.

భయం కన్నా ముందు అతని చెవి మేలుకుంది. ఆ మోత తనకి తెలుసు. ఆ బిగింపు తనది. అది... చిన్నల్లుడి రాకెట్!

"ఒరే... నువ్వేనా?" అన్నాడు గోడ వైపు చూస్తూ.

టక్... టక్... టక్... దగ్గరవుతోంది. ఇంకా దగ్గరికి...

టప్!

తీగ తెగింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

శాలువా చంకన పెట్టుకుని మెట్లన్నీ ఎలా దిగాడో అతనికే తెలీదు. వసారాలో ముగ్గురూ అలాగే ఉన్నారు. చిన్నల్లుడి చేతిలో మళ్ళీ ముక్కలున్నాయి.

"నువ్వు... ఎక్కడికీ వెళ్ళలేదా?"

"లేదన్నయ్యా. ఇందాక గదిలో టప్పుమంది, ఎలకేమో అనుకున్నాం. ఏం, అలా చెమటలు పట్టాయేంటి?"

పెద్దల్లుడు గదిలోకి పరుగెత్తాడు. చిన్నల్లుడు వెనకే వచ్చాడు. కవరు విప్పితే, తను కోసిన చోటే తీగ తెగి వేలాడుతోంది.

హమ్మయ్య! బిగిసిన తీగని సగం కోస్తే ఆ బిగువుకి అదే తెగుతుంది. ఆ మాత్రం తనకి తెలీదా? తన తప్పే తనని బెదిరించింది, అంతే. ప్రాణం లేచొచ్చింది. దాని వెంటే సిగ్గూ వచ్చింది.

"తెగిపోయిందా?" అన్నాడు చిన్నల్లుడు. "పోనీలే, నువ్వున్నావుగా. నీ చేతి బిగింపు లేకపోతే నాకు ఆటే లేదు."

ఆ మాట సూటిగా గుండెల్లో దిగింది. పెద్దల్లుడు తలుపు దగ్గరగా వేశాడు.

"తమ్ముడూ, నీకో మాట చెప్పాలి. ఆ తీగ..."

టక్...

తీగ తెగిన రాకెట్ తన చేతిలోనే ఉంది. చప్పుడు మాత్రం కోట మీంచి వస్తోంది.

టక్... టక్...

వసారాలో అక్కాచెల్లెళ్ళు పేకముక్కలు కలుపుతూ నవ్వుకుంటూనే ఉన్నారు. వాళ్ళకేమీ వినపడటం లేదు. ముసలాయన మాట గుర్తొచ్చి పెద్దల్లుడు తలెత్తాడు.

ఎదురుగా చిన్నల్లుడి మొహం పాలిపోయి ఉంది. కళ్ళు కిటికీ వైపే ఉన్నాయి.

"అన్నయ్యా..." అన్నాడు గుసగుసగా. "నిన్నట్నుంచీ నాకొక్కడికే అనుకున్నాను. నీకూ... వినపడుతోందా?"