తెల్ల మేజోళ్ళు

"ఏం మందు సారూ నీది? మూడు రోజులైంది, మా మేకల కొట్టంలో గెంతే మిన్నల్లి పురుగు ఒక్కటీ చావలే!"

అర్ధవీడు పశువుల ఆసుపత్రి మెట్ల మీద నిలబడి లీదియా చేతుల మీది దద్దుర్లు చూపించింది. విశ్వాసం అనే కుర్ర అసిస్టెంటు ఆ దద్దుర్లు చూడబోయి ఆమె కళ్ళు చూశాడు.

"అది చంపే మందు కాదని చెప్తిని గదా! గుడ్లు పొదగవు, పిల్లపురుగులు పెద్దవి కావు. ఇప్పుడు గెంతేవి వాటి రోజులు నిండి పోవాల. నెల పడుతుంది."

"నెలలో పోకుంటే మా అమ్మ మేకల్ని సంతకు తోలుతాదంట. తొమ్మిదీ నా చేత్తో పెంచినవి!"

ప్రతి సోమవారం విశ్వాసం వచ్చి, మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు తొడిగి కొట్టంలో అటూ ఇటూ నడిచేవాడు. తెలుపు మీదికి ఎగిరిన నల్ల పురుగుల్ని లెక్కపెట్టేవాడు.

"కొంగ మాదిరి ఉండావు," అని లీదియా నవ్వేది.

మూడో వారం లెక్క తగ్గకపోగా పెరిగింది. విశ్వాసం తల పట్టుకుని నేల చూశాడు. పచ్చగా మెరుస్తోంది.

"ఎప్పుడు అలికినావు?"

"ప్రతి శనివారం. ఆదివారం ప్రార్థనకు ఇల్లూ కొట్టమూ శుభ్రంగా ఉండొద్దా?"

"నేను మందు కొట్టింది నేల మీదే కదమ్మా! వారం వారం దాని మీద పేడ పూసి కప్పెట్టినావు!"

"అలకొద్దని ముందే చెప్పేదానికేం?"

"అలుకుతావని నాకేం తెలుసు!"

గొడవ విని లీదియా తల్లి మణెమ్మ బయటికొచ్చింది. విశ్వాసం చేతులు జోడించాడు. "అమ్మా, ఇంకో నెలన్నర. అప్పటికీ పోకుంటే మేకల్ని నేనే సంతకు తోలతా."

మళ్ళీ మందు కొట్టాడు. లీదియా ఈసారి పొడి చీపురుతో ఊడ్చిందే తప్ప పేడ ముట్టలేదు. లెక్క ముప్పైకి దిగింది, తర్వాత పదకొండుకి, తర్వాత రెండుకి.

రెండోసారి మందు కొట్టాక ఆరో సోమవారం మేజోళ్ళ మీద ఒక్క చుక్క లేదు. విశ్వాసం మాత్రం ముఖం వేలాడేసుకుని కొట్టం మధ్యలోనే నిలబడ్డాడు.

"ఏంది ఆ మొహం? పోయినాయి కదా!"

"పోయినాయి. ఇంక నేనేమని చెప్పి రావాల?"

లీదియాకు ఒళ్ళు మండింది. "గుడ్ల సంగతి చెప్తివి, పిల్లపురుగుల సంగతి చెప్తివి. తొమ్మిది వారాలు తిరిగి అడగాల్సింది మాత్రం అడగవు!"

"అడిగితే ఒప్పుకుంటావా?"

"అడిగి చూడు!"

గడపలోంచి మణెమ్మ గొంతు వినిపించింది. "ఆ మేజోళ్ళు ఇట్ల పడేసి పో నాయనా, ఉతికి పెడతాం. ఆదివారం మీ అమ్మను తోడుకొని రా. అడిగేదేదో ఆమె అడుగుతాది."

విశ్వాసం మేజోళ్ళు లీదియా చేతిలో పెట్టి, వట్టి కాళ్ళతోనే బండెక్కాడు.

"బూట్లు!" అని ఆమె అరిచేసరికే బండి మలుపు తిరిగిపోయింది.