కడగని తల

శనివారం సాయంత్రమైతే చాలు, ఆళ్ళగడ్డ పక్కనున్న ఆ పేటలో ఆడపిల్లలంతా బాలమ్మ అరుగు మీదే ఉండేవాళ్ళు. తెల్లవారితే చర్చికి పోవాలి. పేన్ల తలతో ప్రార్థనలో కూర్చుంటే పాస్టరమ్మ అందరి ముందే చీవాట్లు పెడుతుంది. అందుకని బాలమ్మ నాపబండ అరుగు మీద కాళ్ళు బారజాపుకుని, పేన్ల దువ్వెన పట్టుకుని ఒక్కొక్క తలా పట్టేది. ఆమె చేతికి చిక్కిన పేను బతికి బట్టకట్టింది లేదు. ఆ గర్వం ఆమెకు కాస్త ఎక్కువగానే ఉండేది.

మొదట్లో ఏదో తెల్లపొడి రాసేది. తర్వాత ఆ ఊరి నల్లరేగడి చేలలోకి పత్తి వచ్చింది. పత్తి వెంట ఎర్ర ముక్కోణం, పుర్రె బొమ్మ ఉన్న మందు టిన్నులు వచ్చాయి. బాలమ్మ పొడి మానేసి, కొబ్బరినూనెలో మూతెడు పత్తిమందు కలపడం మొదలుపెట్టింది. కోడలు లూదియా పుర్రె బొమ్మ చూపించి వద్దంటే నవ్వేది.

"తాగితే గదా చచ్చేది. తలకు పెడితే ఏమైతాది?"

ఊళ్ళో అందరిదీ అదే మాట. మందు కొట్టేవాళ్ళు కూడా చేత్తోనే కలిపేవాళ్ళు, ఆ చేత్తోనే బీడీ ముట్టించేవాళ్ళు.

పోయినేడు పత్తి కాలంలో గాజుల వ్యాపారం చేసే అబ్దుల్ గఫార్ కూతురు బీబీ, లూదియా కూతురు ఎస్తేరుతో ఆడుకుంటూ ఆ అరుగెక్కింది. గోక్కుని గోక్కుని తలంతా పుండ్లు చేసుకున్న పిల్ల. ఆ పుండ్ల మీదే రాసింది బాలమ్మ. పొద్దు వాలేసరికి పిల్లకు నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, ఆగని వణుకు. తల్లి గుల్జార్‌బీ ఏడుస్తూ పరుగెత్తుకొస్తే బాలమ్మ తొణకలేదు.

"గాలి సోకినట్టుండాది. తాయెత్తు కట్టించు, పో."

తాయెత్తు కట్టారు. పిల్ల పోయింది. పత్తి కాలంలో ఊరంతా ఒకటే వాసన కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. లూదియాకు మాత్రం ఆ పిల్ల జుట్టులో మందు వాసన గుప్పుమని తగిలింది. చెప్పబోయింది. అత్త కళ్ళెర్రజేసింది. మొగుడు పోయి, అత్త పంచన బతుకుతున్న మనిషి... నోరు మూసుకుంది. బాలమ్మ టిన్నును పెంటదిబ్బలో పూడ్చేసి, మళ్ళీ ఎవరి తలా ముట్టుకోలేదు.

ఏడాది తిరిగింది. శనివారం. పత్తి చేలో కూలి ముగించుకుని లూదియా దీపాలు పెట్టే వేళకు ఇంటికి వస్తోంది. వీధి మలుపులోనే వాసన తగిలింది. వెల్లుల్లి కుళ్ళినట్టు ఘాటుగా, అడుగున కొబ్బరినూనె కమ్మదనం. ఎవరో చేలో మందు కొడుతున్నారనుకుంది. ఇంటి దగ్గరికి వచ్చేకొద్దీ అది గొంతులో దిగబడింది.

అరుగు మీద ఎస్తేరు ఒక్కతే కూర్చుని ఉంది. తల ముందుకు వంచి. కదలకుండా.

దువ్వెన శబ్దం వినిపిస్తోంది. సర్... సర్... సర్...

పిల్ల వెనక ఎవరూ లేరు. జుట్టు మాత్రం దానంతటదే రెండుగా విడిపోతోంది. పాపిట నుదుటి నుంచి మెల్లగా వెనక్కి పాకుతోంది. ఆ పాపిటలో నూనె... మెరుస్తూ దిగుతోంది.

"ఎస్తేరూ..."

"కదలొద్దంటాండాది, మా," అంది పిల్ల గుసగుసగా.

"ఎవురే?"

"బీబీ. అవ్వ దానికి పెట్టిన మందే నాకూ పెడతాండాది."

లూదియా అరుగు దగ్గరికి పరుగెత్తింది.

"అవ్వ ఆపొద్దు చేతులు కడుక్కునిందంట, మా. దాని తల కడగలేదంట."

ఆ మాటతో లూదియాకు ఏం చేయాలో తట్టింది. పిల్లను రెక్క పట్టి లాగింది. గౌను చించేసింది. కుండలో నీళ్ళన్నీ తల మీద కుమ్మరించి, బట్టల సబ్బుతో రుద్దింది, కడిగింది, మళ్ళీ రుద్దింది. పిల్ల కళ్ళలో నల్లగుడ్లు ఆవగింజలంత అయిపోయాయి. చొంగ మొదలైంది.

బాలమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేను పెట్టలేదే. టిన్ను పూడ్చినా గదా. ఇది గాలి... పాస్టరయ్యను పిలుద్దాం."

"మళ్ళా గాలంటాండావా అత్తా?" పళ్ళు కొరికింది లూదియా. "నువ్వన్న గాలే వచ్చింది. నువ్వే చూసుకో."

పిల్లను భుజాన వేసుకుని రోడ్డెక్కింది. పత్తి లారీ ఒకటి ఆగి నంద్యాల ఆసుపత్రి దగ్గర దించింది. "ఏం జరిగింది?" అన్నాడు డాక్టరు. లూదియా ఈసారి నోరు మూసుకోలేదు.

"పత్తిమందు, సారూ. తలలోకి దిగింది."

వెంటవెంటనే సూదులు వేశారు. తెల్లారి ఎండెక్కాక ఎస్తేరు కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. "తల కడిగి తెచ్చావు కాబట్టి దక్కింది. చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది ఈ విషం," అన్నాడు డాక్టరు. లూదియా గోడకు ఆనుకుని కూలబడి, కరువుతీరా ఏడ్చింది.

పిల్ల కోలుకుని ఇంటికి చేరేసరికి బాలమ్మను పాతిపెట్టేసి ఉన్నారు. అరుగు మీద కూర్చునే పోయిందట. తల ముందుకు వంచుకుని ఉందట. నెరిసిన జుట్టును ఎవరో నున్నగా దువ్వి, నిట్టనిలువుగా పాపిట తీశారట. చేతులు మాత్రం శుభ్రంగా కడిగి ఉన్నాయని, సబ్బు వాసన కూడా పోలేదని పక్కింటి ఉమామహేశ్వరమ్మ చెప్పింది. లూదియా పెంటదిబ్బ తవ్వి చూసింది. టిన్ను అక్కడే ఉంది, మూత బిగించినట్టే ఉంది. లోపల మందు సగానికి తగ్గి ఉంది.

లూదియా అరుగును నీళ్ళతో కడిగింది. చీకటి పడుతుండగా పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పీడ విరగడైందనే అనుకుంది. తెల్లవారగానే గుల్జార్‌బీ దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పేయాలని గట్టిగా అనుకుంది.

"మా," అంది ఎస్తేరు నిద్రమత్తులో. "ఆపొద్దు నీకూ వాసనొచ్చిందంట గదా?"

"ఎవురు చెప్పినారే?"

పిల్ల లూదియా భుజం వెనక్కి చూస్తోంది.

లూదియా మెడ మీద చల్లగా ఏదో జారింది. తడుముకుంటే వేళ్ళకు నూనె అంటింది. పొద్దున గట్టిగా బిగించుకున్న కొప్పు... ఊడి, వీపంతా పరుచుకుని ఉంది.