ఎలయాస్ ఫెన్విక్ చివరి మౌనం

ఆదివారం పదకొండున్నరకు ప్రార్థన ముగిసింది. అందరూ లేచారు. ఎలయాస్ ఫెన్విక్ లేవలేదు.

సభకు ఎదురుగా ఉన్న పెద్దల బల్ల మీద, గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఇంకా ధ్యానంలో ఉన్నాడనుకున్నారు. ఎవరో భుజం తట్టారు. తల పక్కకు వాలిపోయింది.

ప్రాణం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. పట్టపగలు, తొంభై మంది కళ్లెదుట, చప్పుడు లేకుండా పోయింది. క్వేకర్లనే ఆ క్రైస్తవ శాఖవాళ్ల ప్రార్థన అంటే అంతే మరి. పాదిరి ఉండడు, పాట ఉండదు. గంటసేపు నోరు మెదపకుండా కూర్చోవడమే.

మధ్యాహ్నానికి హెల్మ్‌షా ఊరంతా వీధిలోకి వచ్చింది. రొట్టె మీద పన్ను తీయించినవాడు. పసిపిల్లలను రాత్రి షిఫ్టుల నుంచి తప్పించినవాడు. మగ్గం ముందు నిలబడే మనిషికీ ఓటు ఉండాలని ముప్పై ఏళ్లు గొంతు చించుకున్నవాడు. రష్యాతో యుద్ధం వద్దన్నందుకు నిరుడు ఇదే ఊరు ఆయన దిష్టిబొమ్మను తగలబెట్టింది. ఆ సంగతి ఇప్పుడు ఒక్కరికీ గుర్తులేదు. మర్నాడు సాయంత్రం పార్లమెంటులో ఆయన యుద్ధం మీద మళ్లీ మాట్లాడాల్సింది.

ఉరి తియ్యడానికి ఊరికి ఒక మెడ కావాలి. వెంటనే దొరికింది. నోరా గెరటీ, ఫెన్విక్ ఇంటి వంటమనిషి. ఇంగ్లీషు ఊళ్లో ఐర్లండ్ మనిషి, పైగా కాథలిక్కు. ఇంకేం కావాలి?

శవం కోటు జేబులో గొంతు మందు సీసా ఉంది. తేనె, మూలికలు కాచి నోరా చేసిందే. అందులో నల్లమందు కలిసిందని డాక్టర్ తేల్చాడు. నోరా శుక్రవారం నాడు నల్లమందు కొన్నదని షాపువాడు సాక్ష్యం చెప్పాడు. పంటినొప్పికి ఆ వీధిలో సగం మంది అదే కొంటారు. ఆ మాట ఎవరూ అడగలేదు, అతడూ చెప్పలేదు.

లాకప్ కిటికీకి రాయి తగిలింది. ఇంకొకటి. ఇన్‌స్పెక్టర్ హార్గ్రీవ్స్ తలుపు గడియ మరోసారి చూసుకున్నాడు. ఆయనకున్నది ముగ్గురు కానిస్టేబుళ్లు. సోమవారం మధ్యాహ్నం నోరాను యార్క్ జైలుకు పంపమని మేజిస్ట్రేటు ఆర్డరు వేశాడు. బండి ఊరు దాటుతుందన్న నమ్మకం హార్గ్రీవ్స్‌కు లేదు.

నోరా గోడకు అతుక్కుపోయి కూర్చుంది.

"యార్క్‌లో ఆడవాళ్లని కూడా ఉరి తీస్తారా అయ్యా?"

హార్గ్రీవ్స్ కాగితం, కలం ముందుకు లాక్కున్నాడు.

"సీసా ఎక్కడ పెట్టావు?"

"హాల్లో బల్ల మీద. ఎప్పుడూ అక్కడే. అయ్యగారు వెళ్తూ వెళ్తూ జేబులో వేసుకుంటారు."

"పొద్దున హాల్లోకి ఎవరెవరు వచ్చారు?"

అర్జీ పట్టుకుని ఇద్దరు మిల్లు కూలీలు వచ్చారట. ప్రతి ఆదివారంలాగే సైలస్ హోల్‌రాయిడ్ వచ్చాడట. నది ఒడ్డున ఉన్న పెద్ద ఉన్ని మిల్లు అతడిదే. ఎలయాస్‌కు చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ కలిసే ప్రార్థనకు నడుస్తారు. ఆ రోజు అయ్యగారికి గొంతు బాగా పట్టేసిందని, ప్రార్థన జరిగే మీటింగ్ హౌస్ గుమ్మం దగ్గరే రెండు గుక్కలు తాగారని తరవాత విన్నానంది.

"లండన్ వెళ్లి మాట్లాడాలని ఆయన గాభరా పడ్డాడా?"

నోరాకు ఏడుస్తూనే నవ్వొచ్చింది. "ఎప్పుడు పడలేదు కనక? లోకమంతా ఆయన్ని సింహం అంది. ప్రతి ఉపన్యాసానికి ముందూ వాంతులు చేసుకుంటుంటే బేసిన్ పట్టింది నేను. ఇంత భయమైతే ఎందుకయ్యా ఈ గొడవంతా అంటే, భయపడుతూ మాట్లాడొచ్చు నోరా, భయపడి ఊరుకోకూడదు అనేవారు."

హార్గ్రీవ్స్ కలం కింద పెట్టాడు. ఈమె విషం కలపలేదు. ఆ సంగతి ఆయనకు తెలిస్తే లాభం లేదు, మేజిస్ట్రేటుకు తెలియాలి.

సాయంత్రం దాకా క్వేకర్లను ఒక్కొక్కరినీ ప్రశ్నించాడు. వాళ్లు మహారాణినైనా నువ్వు అనే మనుషులు, ఇన్‌స్పెక్టర్ ఒక లెక్కా. ప్రమాణం చెయ్యరు. ఎప్పుడూ నిజమే చెప్పేవాడికి ప్రమాణం దేనికంటారు.

సైలస్ హోల్‌రాయిడ్ బూడిదరంగు కోటులో నిటారుగా కూర్చున్నాడు.

"సీసా చూశారా?"

"చూశాను."

"ఎవరైనా ముట్టుకున్నారా?"

"మరొకరు ముట్టుకోవడం నేను చూడలేదు."

"సభలో మీరు ఎక్కడ కూర్చున్నారు?"

"పెద్దల బల్ల మీద, మధ్యలో. నా కుడిపక్క ఎలయాస్. ఎడమపక్క టోబయాస్ పిమ్."

టోబయాస్ పిమ్‌కు ఎనభై రెండేళ్లు. చూపు మందం. చావు సంగతి అడిగితే సొంత కథ ఎత్తుకున్నాడు. సభ పెద్ద సైలస్ పక్కవాడికి చెయ్యి కలిపితే ప్రార్థన ముగిసినట్టట. ఆ మొదటి చెయ్యి ఏనాడూ తనకు దక్కలేదట.

"ఇవాళ మాత్రం నాకే ఇచ్చాడు నాయనా. ముసలాణ్ణి, గుర్తుపెట్టుకున్నాడు కదా అని ముచ్చటేసింది" అన్నాడు.

హార్గ్రీవ్స్ తలూపి, తరవాతి సాక్షిని పిలిచాడు.

సోమవారం పొద్దున ఆయన నది వంతెన మీద నడుస్తున్నాడు. హోల్‌రాయిడ్ మిల్లు కింద నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. వారం రోజులుగా అంతే. అద్దకం నీళ్లే కదా అని ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆయనకు మాత్రం అప్పుడు తట్టింది. ఇంత ఎర్రగుడ్డ తొడుక్కునేది ఎవరు? ఎర్రకోట్ల సిపాయిల పటాలం.

కత్తి పట్టనని, యుద్ధం సొమ్ము ముట్టనని చెప్పుకునే క్వేకరు సిపాయిలకు కోటు గుడ్డ నేస్తున్నాడు.

వంతెన మీదే ఆగిపోయాడు. టోబయాస్ ముచ్చట గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి మేజిస్ట్రేటు ఇంటికి నడిచాడు.

పది గంటలకు అందరినీ మళ్లీ మీటింగ్ హౌస్‌కు రప్పించాడు. మేజిస్ట్రేటు కూడా వచ్చాడు. ఎలయాస్ చోట ఒక కానిస్టేబుల్ కూర్చున్నాడు. తలుపు దగ్గర నోరా, సంకెళ్లతో. బయట జనం ఆమె పేరు పెట్టి అరుస్తున్నారు.

"నిన్న కూర్చున్నట్టే కూర్చోండి. ఎప్పటిలాగే ముగించండి" అన్నాడు హార్గ్రీవ్స్.

మౌనం మొదలైంది. గంట గడిచింది. సైలస్ చెయ్యి కదలలేదు. మరో పది నిమిషాలు. అతడి నుదుటి మీద చెమట. కుడిపక్కకు చూడడు. ఎడమపక్కకు చెయ్యి చాచలేడు. అతడు ముగించనిదే ఎవరూ లేవరు. బయట బండి గుర్రాలు సకిలించాయి. నోరా పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది.

హార్గ్రీవ్స్ మెల్లగా అన్నాడు.

"ఇన్నేళ్లూ మీ కుడిచెయ్యి కుడిపక్కకే వెళ్లింది సైలస్‌గారూ. నిన్న ఎడమపక్కకు వెళ్లింది. పక్కనున్న చెయ్యి చల్లబడిందని ప్రార్థన ముగియకముందే మీకు తెలుసు. మీరు అబద్ధం చెప్పరు. నేనే సరిగ్గా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ సీసాను మీరు ముట్టుకున్నారా?"

సైలస్ కళ్లు మూసుకున్నాడు.

"ముట్టుకున్నాను. నల్లమందు కలిపాను. ఎర్రగుడ్డ సంగతి ఎలయాస్‌కు తెలిసింది. పార్లమెంటులో నా పేరు చెప్తానన్నాడు. నిద్రపోతే లండన్ రైలు తప్పిపోతుందనుకున్నాను. అంతే అనుకున్నాను."

"తరవాత?"

"ఊపిరి తేడాగా వచ్చింది. గురక లాగా. నాకొక్కడికే వినిపించింది. తరవాత ఆగి ఆగి వచ్చింది." అతడు తన కుడిచెయ్యి చూసుకున్నాడు. "లేచి పిలిస్తే డాక్టర్ రెండు బల్లల అవతలే ఉన్నాడు. భయమేసింది. ఊరుకున్నాను."

ఎవరూ కదల్లేదు. నోరా ఒక్కతే లేచి నిలబడింది.

"ఆయనకీ భయమేసేదయ్యా. ప్రతిసారీ" అంది.

కానిస్టేబుల్ సైలస్‌ను తీసుకెళ్లాడు. మిగిలినవాళ్లు కూర్చునే ఉన్నారు. ప్రార్థన ఇంకా ముగియలేదు. చివరికి టోబయాస్ పిమ్ లేచాడు. బల్లలు తడుముకుంటూ తలుపు దాకా వచ్చి, సంకెళ్లున్న నోరా చెయ్యి వెతికి పట్టుకుని ఊపాడు. అప్పుడు అందరూ లేచారు.

హార్గ్రీవ్స్ సంకెళ్లు తీశాడు. బయట జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. వెనకదారిన పంపిస్తానన్నాడు. నోరా తల అడ్డంగా ఊపింది. ఆమె కాళ్లు వణుకుతున్నాయి. ముందు తలుపు తనే తీసి, జనానికి ఎదురుగా నిలబడి, జరిగింది చెప్పడం మొదలుపెట్టింది.